తుపాకులకు ముహూర్తబలం

2026 జులై ఒకటి ముంచుకొస్తోంది. కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ నుంచి శాన్ రమోన్ దాకా మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో మామిడిపళ్ళ పెట్టెల గొడవ సద్దుమణిగింది. ప్రీమియర్ షో టిక్కెట్ల ఊసే లేదు. "గ్లాక్ 19 ఎక్కడ దొరుకుతోంది? లైను ఎంతుంది?" ఇదొక్కటే ఇప్పుడు జాతి సమస్య. అడిగేవాళ్ళలో సగం మంది జీవితంలో పట్టుకున్న తుపాకి దీపావళికి రీళ్ళు పేల్చినదే. మిగతా సగం మంది అది కూడా పట్టుకోలేదు, చెవులు మూసుకుని అరుగు మీద నిలబడినవాళ్ళు.

మా తోడల్లుడినే తీసుకోండి. 2024లో సన్నీవేల్‌లో మన దేశంవాళ్ళ నగల కొట్టు మీద దొంగలు సుత్తులతో పడ్డ వీడియో చూసి రెండు రాత్రులు నిద్రపోలేదు గానీ, తుపాకి మాట మాత్రం ఎత్తలేదు. గుమ్మానికి కెమెరా పెట్టించుకుని, మా మరదలి నగలు బ్యాంకు లాకర్లో పడేసి ఊరుకున్నాడు. అంత నెమ్మదస్తుడి చేత తుపాకి కొనిపించింది దొంగలు కాదు, కాలిఫోర్నియా శాసనసభ. "అన్నయ్యా, ఒకటో తారీకు తర్వాత దొరకదంట" అన్నాడు. ఎందుకురా నీకు అంటే, "దొరకదంట కదా" అన్నాడు మళ్ళీ. ఇంతకు మించిన కారణం అతని దగ్గర లేదు. లైన్లో నిలబడ్డ చాలామంది దగ్గరా లేదు.

తోడుగా నేనూ వెళ్ళాను. కారు లేని మనిషి కాదు గానీ, ఒక్కడే వెళ్ళడానికి భయం. కౌంటరు దగ్గర ముందు ఒక రాతపరీక్ష. ముప్పై ప్రశ్నలు, ఇరవై మూడు ఒప్పయితే పాసు. ఐఐటీ కోచింగు రక్తంలో ఉన్న జాతి కదా, మనవాడు ఆరు నిమిషాల్లో రాసేసి పక్కవాడి పేపరు వైపు జాలిగా చూశాడు. తర్వాత ఇంటి చిరునామా రుజువుకి కరెంటు బిల్లు. బొటనవేలి ముద్ర. ఆ తర్వాత ఒక ఉత్తుత్తి తూటా ఇచ్చి, తుపాకిలో పెట్టి, తీసి, తాళం వెయ్యమన్నారు. అక్కడ మాత్రం చెమటలు పట్టాయి. తూటాని తిరగేసి పెట్టబోతే కొట్టువాడు చెయ్యి పట్టుకుని ఆపాడు. పైన కెమెరా ఇదంతా రికార్డు చేస్తోంది. రాష్ట్రం కొత్తగా పెట్టిన రూలు, ఆ రికార్డింగు ఏడాదిపాటు దాచాలి. అన్నీ అయ్యాక తుపాకి మాత్రం ఇవ్వరు. పదిరోజులు ఆగాలి. పదిరోజులంటే మనం అనుకునే పదిరోజులు కాదు, ఫారం పంపిన నిమిషం నుంచి లెక్కపెట్టి రెండువందల నలభై గంటలు. మధ్యాహ్నం మూడూ పదిహేడుకి పంపితే, పదో రోజు మూడూ పదిహేడయ్యాకే చేతికిస్తారు. ఇంత నిక్కచ్చిగా లగ్నం చూసే సిద్ధాంతి మా గోదావరి జిల్లాల్లో కూడా లేడు.

నా బాధంతా ఆ ముహూర్తాల గురించే. శాక్రమెంటోలో చట్టాలు రాసే పెద్దలకు పంచాంగం తెలియదు కాబట్టి వాళ్ళకు ఏడాదికి ఒక్కటే మంచిరోజు. తూటాలు ఎక్కువ పట్టే పెద్ద మ్యాగజైన్లు ఇంట్లో ఉంచుకుంటేనే నేరం అన్న నిషేధానికి 2017 జులై 1. తూటాల డబ్బా కొనాలన్నా పూర్వాపరాలు చూపించుకోవాలన్న రూలుకి 2019 జులై 1. తుపాకులూ తూటాల మీద పదకొండు శాతం ప్రత్యేక పన్నుకి 2024 జులై 1. ఇప్పుడు గ్లాక్ అమ్మకాల నిషేధానికి 2026 జులై 1. ఈ గాలి ఉత్తరానికి కూడా సోకినట్టుంది, వాషింగ్టన్ రాష్ట్రంవాళ్ళు పదికి మించి తూటాలు పట్టే మ్యాగజైన్ల అమ్మకం ఆపిందీ 2022 జులై 1నే. సంతకం మార్చిలో, అమలు జులైలో. మధ్యలో మూడు నెలల పైచిలుకు ఏం జరుగుతుందో ఊహించడానికి ఎకనామిక్సు చదవక్కర్లేదు, ఆషాఢంలో ఒక్కసారి చీరల కొట్టుకి వెళ్ళొస్తే చాలు. కాకపోతే ఈ సేల్‌లో డిస్కౌంటు ఉండదు. ప్రచారం ఖర్చు కూడా కొట్టువాడిది కాదు, ప్రభుత్వానిది. గవర్నరు గారే మైకు ముందు నిలబడి, ఈ సరుకు ఫలానా తారీకు తర్వాత మీకు దొరకదు అని చాటింపు వేస్తారు. ఆయన ఫోటో పటం కట్టించి క్యాష్ కౌంటరు పైన దండ వెయ్యని కొట్టువాడు కృతఘ్నుడు.

అసలు సిసలు ముహూర్తాలు ఇంకా ఉన్నాయి, అవి కోర్టులు పెట్టినవి. 2019 మార్చి 29న శాన్ డియేగోలో ఫెడరల్ జడ్జి రోజర్ బెనితెజ్ మ్యాగజైన్ల చట్టాన్ని కొట్టేశారు. ఆ సాయంత్రం నుంచీ కాలిఫోర్నియా ఒక వారంపాటు వేరే దేశం. పక్క రాష్ట్రాల కొట్లనుంచి పెట్టెలు పెట్టెలుగా దిగాయి. పది లక్షలకు పైనే వచ్చాయని అంచనా. మళ్ళీ అదే జడ్జి, పైకోర్టులో తేలేదాకా ఆగండంటూ, ఏప్రిల్ 5 సాయంత్రం అయిదింటినుంచి అమ్మకాలకు అడ్డం వేశారు. ఈ మధ్యలో కొన్నవాళ్ళ జోలికి మాత్రం పోవద్దన్నారు. అంటే నాలుగూ యాభై అయిదుకి కొన్న స్ప్రింగు డబ్బా సక్రమం, అయిదూ అయిదుకి కొంటే అక్రమం. డబ్బా అదే, కంపెనీ అదే, ధరా అదే. ఆ వారానికి తుపాకులవాళ్ళు 'ఫ్రీడమ్ వీక్' అని పేరు పెట్టుకుని ఇప్పటికీ తల్చుకుంటారు. ముహూర్తబలం అంటే అదీ.

దీన్ని తలదన్నింది వాషింగ్టన్. 2024 ఏప్రిల్ 8న, కెల్సో అనే చిన్న ఊళ్ళోని ఒక తుపాకుల కొట్టు కేసులో కౌంటీ జడ్జి ఆ రాష్ట్రపు మ్యాగజైన్ల చట్టం చెల్లదన్నారు. రాష్ట్రం లాయర్లు రాష్ట్ర సుప్రీంకోర్టుకి పరిగెత్తి స్టే తెచ్చుకునేసరికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరసేపు చట్టం లేదు, కొట్టు తెరిచి ఉంది, జనం కార్లు వేసుకుని ఎగబడ్డారు. గంటన్నర! మన రాహుకాలం సరిగ్గా అంతే. ఆ రోజు అమెరికాలో సంపూర్ణ సూర్యగ్రహణం కూడాను. ఇక్కడితో ఆగితే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదేమో. ఊరికే కుతూహలం కొద్దీ పాత పంచాంగాలు తిరగేశాను. 2019లో ఫ్రీడమ్ వీక్ ముగిసిన ఏప్రిల్ 5, హైదరాబాదు లెక్కన, ఉగాది ముందురోజు. 2024 ఏప్రిల్ 8 కూడా ఉగాది ముందురోజే. రెండూ కొత్త అమావాస్యలే! అక్కడి సూర్యోదయమా ఇక్కడి సూర్యోదయమా అని సిద్ధాంతిగార్లు నా మీదకు రావద్దు, నేను చెప్పేది వేరు. రెండు పెద్ద రాష్ట్రాలు, వందల మంది లాయర్లు, ఏళ్ళ తరబడి వాదనలు. ఇవన్నీ కలిపి పామరుడికి మిగిల్చిన జ్ఞానం ఏమిటంటే, ఫాల్గుణ మాసం చివర్లో అమావాస్యనాడు జేబులో కార్డు పెట్టుకుని కొట్టు దగ్గర తచ్చాడితే మంచిదని. చట్టం మనకు నేర్పాల్సిన సంగతేనా ఇది?

ఆ కాలిఫోర్నియా మ్యాగజైన్ల కేసు 2025 మార్చిలో తొమ్మిదో సర్క్యూట్ కోర్టులో ప్రభుత్వం వైపే తేలింది. ఒప్పుకోని జడ్జిగారు ఒకరు తన ఛాంబర్లో తుపాకులు విప్పి చూపిస్తూ వీడియో తీసి యూట్యూబులో పెట్టారు. తీర్పుకి లైకులు ఎన్నొచ్చాయో నేను చూడలేదు.

ఇక గ్లాక్ సంగతి. కాలిఫోర్నియాలో కొట్టువాడు కొత్త పిస్టల్ ఏదైనా అమ్మాలంటే అది ప్రభుత్వం వారి 'సురక్షితమైన' పిస్టళ్ళ జాబితాలో ఉండాలి. 2001 నుంచీ ఉన్న ఏర్పాటు. జాబితాలో పేరు నిలవాలంటే కంపెనీ మోడల్‌కి ఏటా ఫీజు కట్టాలి. కట్టకపోతే, నిన్నటిదాకా సురక్షితంగా ఉన్న పిస్టల్ ఇవాళ పొద్దున్నించి ప్రమాదకరం. 2013లో తూటా గొట్టం మీద సూక్ష్మంగా ముద్ర పడే టెక్నాలజీ ఉంటేనే కొత్త మోడళ్ళు అన్నారు. అది మార్కెట్లో ఎవరి దగ్గరా లేదు. దాంతో పదేళ్ళపాటు కొత్త సెమీ ఆటోమేటిక్ పిస్టల్ ఒక్కటీ జాబితాలోకి రాలేదు. 2020లో మరో తెలివి: కొత్తది ఒకటి చేరితే పాతవి మూడు తీసేయాలన్నారు. జాబితా వచ్చాక గ్లాక్ కంపెనీ నాలుగో తరం తెచ్చింది, అయిదో తరం తెచ్చింది. పోలీసులకు జాబితా వర్తించదు కాబట్టి వాళ్ళు కొత్తవి కొనుక్కున్నారు. మామూలు జనానికి రాసిపెట్టింది 1990ల నాటి మూడో తరం. ఇన్నేళ్ళూ కౌంటరు దగ్గర నిలబడ్డ ప్రతివాడినీ ఈ మూడో తరం గ్లాక్ వైపు నెట్టింది ప్రభుత్వం జాబితాయే. దాని మీద 'సురక్షితం' అని ముద్ర కొట్టిందీ ప్రభుత్వమే. ఇప్పుడు అదే పిస్టల్‌లో ఒక శిలువ ఆకారపు ట్రిగ్గర్ బార్ ఉందనీ, ఇంట్లో ఉండే మామూలు పనిముట్లతో దాన్ని మెషిన్‌గన్ చేసెయ్యొచ్చనీ ఇరవై అయిదేళ్ళ తర్వాత కనిపెట్టి నిషేధించిందీ ప్రభుత్వమే.

రైఫిళ్ళ విషయంలో వీళ్ళ ఘనత ఇంకా పాతది. పనిముట్టు వాడకుండా ఊడే మ్యాగజైన్ ఉంటే నేరం అన్నారు. తూటా కూడా పనిముట్టు కిందకే వస్తుందని రూల్సులో రాశారు, నిజంగా రాశారు. అంతే, తూటా మొనతో నొక్కితే ఊడే బటన్ ఒకటి పుట్టి, ఏళ్ళ తరబడి వేలకు వేలు అమ్ముడుపోయింది.

ఇంతవరకూ నవ్వుతాలకే రాశాను. ఇకపైన నవ్వు రావడం లేదు.

2022 ఏప్రిల్ 3 తెల్లవారుజామున శాక్రమెంటో నడిబొడ్డున, శాసనసభ భవనానికి కూతవేటు దూరంలో ఆరుగురిని కాల్చి చంపారు. పన్నెండు మంది గాయపడ్డారు. అక్కడ దొరికిన ఒక తుపాకి స్విచ్ తగిలించి మెషిన్‌గన్‌గా మార్చినది. అది దొంగసొత్తు. మెషిన్‌గన్‌గా మార్చడం అప్పటికే నేరం, ఇవాళ్టి చట్టం కాదు, 1934 నుంచీ ఫెడరల్ చట్టం కళ్ళెర్ర చేస్తున్నదే. కేసులో పట్టుబడ్డవాళ్ళు తుపాకి ముట్టుకునే హక్కే లేని పాత నేరస్థులు. వాళ్ళు రాతపరీక్ష రాయలేదు, కరెంటు బిల్లు చూపించలేదు, రెండువందల నలభై గంటలు ఆగలేదు. ఆ స్విచ్ వేలెడంత ప్లాస్టిక్ ముక్క, త్రీడీ ప్రింటర్లో చవగ్గా ఊడిపడుతుంది. దాన్ని చేసేవాడి ఇంటి తలుపు ఎవరు కొట్టారు?

తలుపు కొట్టడం అన్నాను కాబట్టి అడుగుతున్నాను. ఈ రాష్ట్రం దగ్గర ఇంకో జాబితా ఉంది. సక్రమంగా తుపాకి కొనుక్కుని, తర్వాత నేరం రుజువయ్యో, భార్యను కొట్టినందుకు కోర్టు ఆంక్ష పడో, మానసిక స్థితి వల్లో ఆ హక్కు పోగొట్టుకున్నవాళ్ళ జాబితా. 2006 నుంచీ నడుస్తోంది. పేరు ఉంది, ఇంటి నంబరు ఉంది, తుపాకి నంబరు ఉంది. ఏటా జనవరిలో లెక్క తీస్తే ఇరవై వేలకు పైన పేర్లు తేలుతున్నాయి. ఇరవై వేల ఇళ్ళు! ఒక్కొక్క ఇంటికీ వెళ్ళి, అయ్యా ఆ తుపాకి ఇలా ఇవ్వు అని తీసుకురావడం చెప్పుకోదగ్గ పని కాదు. మైకులుండవు, సంతకాలుండవు, కలం కానుకగా పంచడం ఉండదు. ఆ పని చేసే ఏజెంట్లు దొరకడం లేదని, దొరికినవాళ్ళు నిలవడం లేదని ఏటా రిపోర్టులో రాస్తారు. భర్త చేతిలో దెబ్బలు తిని కోర్టుకెళ్ళి కాగితం తెచ్చుకున్న ఆడమనిషి, ఆ భర్త తుపాకి ఇంకా అతని బీరువాలోనే ఉందని ప్రభుత్వానికి తెలిసీ, ఏజెంటు వచ్చేదాకా బతకాలి. ఆవిడకి జులై ఒకటి లేదు. ఏ ఒకటో తారీకూ లేదు. దీనికి బాధ్యులు ఎవరని ఒక్క శాసనసభ్యుణ్ణీ ఎవరూ అడగరు, ఆయన మాత్రం వచ్చే సమావేశాల్లో ట్రిగ్గర్ బార్ ఏ ఆకారంలో ఉండకూడదో ఇంకో బిల్లు తెస్తాడు.

పోనీ జాబితాలు పదిలంగానైనా ఉంచుతారా అంటే, 2022 జూన్‌లో తుపాకి వెంట పెట్టుకుని తిరగడానికి లైసెన్సు అడిగిన లక్షా తొంభైరెండు వేల మంది పేర్లూ చిరునామాలూ రాష్ట్ర న్యాయశాఖే తన వెబ్‌సైటులో బయటపడేసుకుంది. తుపాకి లాక్కోవాల్సినవాళ్ళ చిరునామాలకు వెళ్ళే తీరిక లేదు, లైసెన్సు అడిగినవాళ్ళ చిరునామాలు మాత్రం ఊరందరికీ!

కంపెనీని వదిలేస్తే పాపం. ఈ స్విచ్ సంగతి గ్లాక్‌కి నిన్నామొన్నా తెలిసింది కాదు. షికాగో నగరం 2024లో దీని మీదే కోర్టుకి లాగింది. అప్పుడు మారని డిజైను, 2025 అక్టోబరులో గవర్నరు న్యూసమ్ గారి సంతకం ఆరేలోపు మారింది. పాత మోడళ్ళు చాలావాటికి స్వస్తి చెప్పి, లోపలి అమరిక మార్చి, పేరు చివర వి తగిలించి, కొత్త వరసని డిసెంబరుకల్లా బజార్లోకి దించారు. మార్చడం చేతనవునన్న మాట! ఆరుగురు పోయినప్పుడు చేతకాలేదు, సేల్స్ పోతాయన్నప్పుడు చేతనైంది. ఇలాంటి కంపెనీకి తొమ్మిది నెలలు గడువిచ్చి, ఉన్న సరుకంతా అమ్ముకోమన్నదాన్ని నిషేధం అంటే ఎలా? గోడౌన్ ఖాళీ చేసిపెట్టడం అంటారు దాన్ని. పైగా ఇప్పటికే ఇళ్ళల్లో ఉన్నవి ఉంటాయి, ఈ తొమ్మిది నెలల్లో కొన్నవీ ఉంటాయి. మా తోడల్లుడిది కూడా ఉంటుంది. శిలువ ఆకారపు ట్రిగ్గర్ బార్‌తో సహా.

చిన్న కొట్టువాళ్ళ మీద నాకు జాలి ఉంది గానీ ఎక్కువ లేదు. మిలియన్ డాలర్ల బీమా, ఏడాది వీడియో, పదకొండు శాతం పన్ను అని మావాడి కొట్టువాడు ఏకరువు పెట్టాడు. పెడుతూనే పాత గ్లాక్ ధర పెంచిన చీటీ అతికించాడు. గోడ మీద స్వేచ్ఛ గురించి బోర్డు ఉంది. స్వేచ్ఛకి పన్ను అదనం.

ఆ పన్ను సొమ్ము తుపాకి హింసను తగ్గించే కార్యక్రమాలకు వెళ్తుందట. తుపాకులు ఎంత అమ్ముడైతే హింస తగ్గించడానికి అంత నిధి. సారా అమ్మిన డబ్బుతో సంక్షేమం నడిపించిన రాష్ట్రాలనుంచి వచ్చినవాళ్ళం, మనకు విడమర్చి చెప్పక్కర్లేదు. అలాగే ఎన్నికల కోడ్ కూయగానే లైసెన్సు తుపాకులున్న పెద్దమనుషులు వాటిని స్టేషన్లో అప్పజెప్పి రశీదు తెచ్చుకునే ఊళ్ళు మనవి. 2024 మేలో పల్నాడులో పెట్రోలు బాంబులు విసిరినవాళ్ళకి రశీదు ఇచ్చిన స్టేషన్ ఏదో నాకు తెలియదు.

హెచ్‌-ఒన్‌బీ మీద ఉన్న కుర్రాళ్ళు గ్రూపులో దిగాలుగా అడుగుతున్నారు, మాకు వీల్లేదా అని. ఫెడరల్ చట్టం ప్రకారం తాత్కాలిక వీసా వాళ్ళు తుపాకి ముట్టుకోకూడదు నాయనా. కానీ వేట లైసెన్సు ఉంటే ముట్టుకోవచ్చు. జింకను కొట్టనక్కర్లేదు, కొడతాననే కాగితం ఉంటే చాలు. ఉల్లిపాయ కూడా తినని కుర్రాడొకడు మొన్న రాత్రి వేటగాళ్ళ ఆన్‌లైన్ కోర్సులో చేరాడు. వాళ్ళమ్మగారికి తెలియదు.

గవర్నరు గారు మాత్రం 2025 జులైలో ఒక పాడ్‌కాస్టుకి వెళ్ళి, అక్కడివాళ్ళు బహుమతిగా ఇచ్చిన సిగ్ సావర్ పిస్టల్‌ని సంతోషంగానే అందుకున్నారు. ఆ కంపెనీ జోలికి ఈ చట్టం పోలేదులెండి.

ఇక మిగతా రాష్ట్రాల్లో మనవాళ్ళు కంగారు పడక్కర్లేదు, మీకూ తేదీలు వచ్చాయి. డెన్వర్ వాళ్ళకి 2026 ఆగస్టు 1. మ్యాగజైన్ ఊడొచ్చే సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ళు చాలావరకు కొనాలంటే ఆ రోజునుంచీ షెరిఫ్ దగ్గర కార్డు, ట్రైనింగు క్లాసు. సియాటిల్, రెడ్‌మండ్ వాళ్ళకి 2027 మే 1. ఏ తుపాకి కొనాలన్నా ముందు పర్మిట్, దానికి ముందు క్లాసు, వేలిముద్రలు, ఆ తర్వాత మళ్ళీ పది పనిదినాల ఎదురుచూపు. సంతకం పెట్టింది అక్కడి గవర్నరు బాబ్ ఫెర్గూసన్ గారు, కెల్సోలో గంటన్నరలో స్టే తెచ్చినప్పుడు అటార్నీ జనరల్‌గా ఉన్నాయనే. 2025 మేలో సంతకం, 2027 మేలో అమలు. రెండేళ్ళ మూఢం లేని ముహూర్తం మన పెళ్ళిళ్ళకు కూడా దొరకదు. ఇందాకే మా తోడల్లుడి బావమరిది బెల్వ్యూ నుంచి ఫోన్ చేసి, ఇప్పట్నించే లైన్లో నిలబడాలా అని అడిగాడు.